తాళంచెవి చేతికిచ్చిందా?

డెల్ఫీన్ మాబ్రీ చేసే ఉద్యోగం అబద్ధాలాడటం. ఆ అబద్ధాలైనా సొంతవి కావు, యూనివర్సిటీ వాళ్ళు టైపు చేసి ఇచ్చినవి.

అమెరికాలో మిల్వాకీ అనే ఊళ్ళో ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు తెల్లవాళ్ళు వస్తే ఎలా ఉంటారు, నల్లవాళ్ళు వస్తే ఎలా ఉంటారు అన్నది ప్రొఫెసర్ హోల్మ్ చేపట్టిన అధ్యయనం. ఎదురుగా అడిగితే "అబ్బే, మాకలాంటివేం లేవండీ" అంటారు కనుక అడగకుండానే కనిపెట్టాలి. అందుకని ఒకే ఇంటికి ఇద్దరు ఆడవాళ్ళని పంపుతాడు. కాగితం మీద ఇద్దరికీ ఒకటే వయసు, ఒకే రకం ఉద్యోగం, ఒకే రకం సంసారం. తేడా అల్లా ఒంటి రంగే. ముందు డెల్ఫీన్ వెళ్తుంది. ఓ గంట పోయాక తెల్లావిడ ట్రూడీ వెళ్తుంది. బయటికొచ్చి ఎవరి కారులో వాళ్ళు కూర్చుని, జరిగింది జరిగినట్టు రాయాలి. అనిపించింది రాయకూడదు. "ఆవిడ మొహం ముడుచుకుంది" అని రాస్తే ప్రొఫెసర్ ఎర్ర సిరాతో కొట్టేస్తాడు. "మూడుసార్లు గడియారం చూసింది" అని రాయాలట. ఒకరు రాసింది ఇంకొకరు చూడకూడదు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. అన్నిటికన్నా పెద్ద నియమం, చూసిన ఇంట్లో తాము అద్దెకి దిగకూడదు. ఆ నియమం కింద సంతకం పెట్టేటప్పుడు డెల్ఫీన్ నవ్వింది. "ఆ ఇళ్ళు మాకెవరిస్తార్లెండి ప్రొఫెసర్ గారూ" అంది.

అప్పటికి ఆమెకి ఇల్లుంది కనుక నవ్వగలిగింది. మార్చి వచ్చేసరికి అది పోయింది. వాళ్ళుండే బిల్డింగు ఎవరో కొనుక్కుని, ఏప్రిల్ ముప్పయ్యో తారీఖుకల్లా ఖాళీ చెయ్యమని తలుపులకి కాగితాలు అంటించి వెళ్ళారు. ఆమె ఒక్కతే అయితే ఏ స్నేహితురాలి ఇంట్లోనో తలదాచుకునేది. కానీ తండ్రి ఎజెల్ ఉన్నాడు. ఇనుము పోత పోసే ఫ్యాక్టరీలో ముప్పయ్యారేళ్ళు పనిచేసి ఊపిరితిత్తులు పోగొట్టుకున్న మనిషి. పక్కన ఆక్సిజన్ మిషను బుసకొడుతుంటే గాని పూట గడవదు. ఉండేది రెండో అంతస్తు. అక్టోబరులో మెట్లెక్కి పైకి వచ్చినవాడు మళ్ళీ నేల తొక్కలేదు.

వారానికోసారి వచ్చే నర్సు పాలెట్ మొహమాటం లేకుండా చెప్పేసింది. "మెట్లు లేని ఇల్లు చూసుకో డెల్ఫీన్. మెట్లున్న ఇంటికైతే ఈయన్ని పంపమని డాక్టరు రాయడు. ముప్పయ్యో తారీఖుకి నీకు ఇల్లు దొరక్కపోతే ఊరి చివర ముసలివాళ్ళ హోమ్‌లో మంచం రాయించాల్సిందే. నా చేతుల్లో ఏం లేదు తల్లీ."

ఆ హోమ్ పేరెత్తితే చాలు, ఎజెల్ గోడవైపు తిరిగి పడుకుంటాడు. అతని అన్న అందులోకి వెళ్ళి నాలుగో వారానికి పోయాడు. పోయిన సంగతి వీళ్ళకి రెండు రోజుల తర్వాత తెలిసింది.

డెల్ఫీన్ కాళ్ళరిగేలా తిరిగింది. ఉద్యోగంలో అబద్ధం పేరుతో ఇళ్ళు చూడటం, సాయంత్రం అసలు పేరుతో ఇళ్ళు చూడటం. అసలు పేరుతో పదమూడు ఇళ్ళు చూసింది. పదమూడు చోట్లా లేదనిపించుకుంది. ఆమె పేరుకి ఒక మచ్చ ఉంది. మూడేళ్ళ కిందట చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టే పొయ్యి చెడిపోతే ఇంటాయన బాగుచేయించలేదు. ఈమె అద్దె ఆపింది, ఆయన కోర్టుకెక్కాడు. గెలిచింది ఈమే. కానీ ఇంటివాళ్ళు కంప్యూటర్లో పేరు కొట్టి చూసేది కోర్టుకెక్కిందా లేదా అనే. ఎవరు గెలిచారో చదివే ఓపిక ఎవరికుంది?

అధ్యయనం లెక్కలో నూట పద్దెనిమిదో ఇల్లు ఊరికి దక్షిణాన ఉంది. ఏప్రిల్ పంతొమ్మిది, సోమవారం, పొద్దున పదకొండింటికి డెల్ఫీన్ ఆ గుమ్మం ముందు నిలబడి గంట కొట్టింది. ఆ రోజు ఆమె పేరు నోరా టేట్. ఆసుపత్రిలో గుమాస్తా, తోడు ఒక తల్లి, కోర్టు మొహం ఎరగదు.

తలుపు తీసినావిడ మిసెస్ విటెక్. డెబ్బై ఆరేళ్ళుంటాయి. ఉన్ని స్వెటరు, గుడ్డ చెప్పులు. పై వాటాలో తనుంటూ కింది వాటా అద్దెకిస్తోంది. "చలిలో నిలబెట్టానే పాపం, రామ్మా, లోపలికి రా" అంటూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. కాఫీ ఇచ్చింది. గసగసాల కేకు పెద్ద ముక్క కోసి పెట్టి, తింటావా అని కూడా అడగలేదు. మొగుడు స్టాన్ పోయి రెండేళ్ళయిందని చెప్పి కళ్ళు తుడుచుకుంది. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి, తనే తలుపు తెరిచి, గదులన్నీ వెంట ఉండి చూపించింది. వంటింటి వెనక తలుపు తెరిచేసరికి డెల్ఫీన్ గుమ్మంలోనే ఆగిపోయింది.

మెట్లు లేవు. చెక్కలతో కట్టిన వాలుదారి, రెండువైపులా చేతికి ఆనేలా కమ్మీలు, పెరట్లో ఒక ఆపిల్ చెట్టు దాకా పోయింది.

"స్టాన్ చక్రాల కుర్చీ కోసం మా తమ్ముడు కట్టాడమ్మా. తీయించెయ్యమంటారు అందరూ. నాకే మనసొప్పట్లేదు."

డెల్ఫీన్ దానిమీద నడిచి చివరిదాకా వెళ్ళి వచ్చింది. కమ్మీ పట్టుకుని ఊపి చూసింది, కదల్లేదు. నోరా టేట్‌కి ఆ వాలుదారితో పనే లేదు. నోరా తల్లి కాగితం మీద నిక్షేపంగా ఉంది. అయినా డెల్ఫీన్ నోరు జారింది. "మా నాన్న..." అని, నాలుక కరుచుకుని, "మా నాన్న ఉండుంటే చాలా మెచ్చుకునేవాడండీ" అని సర్దుకుంది.

"నీకంటే ముందు ఒకాయన చూసి వెళ్ళాడమ్మా" అంది మిసెస్ విటెక్, గుమ్మం దగ్గర ఆమె చేతిమీద చెయ్యి వేసి. "ఆయన సంగతి తేలాలి. తేలకపోతే నువ్వే. నా మనసులో మాత్రం నువ్వే ఉన్నావు సుమా."

"గురువారం కనుక్కుంటానండీ" అంది డెల్ఫీన్. అలా అనాలని కాగితంలో ఉంది. కానీ ఆ మాట ఆమె గొంతులోంచి నిజంగా వచ్చింది.

కారులో కూర్చుని రాసింది. కాఫీ గురించి, కేకు గురించి, చెయ్యి పట్టుకోవడం గురించి సగం పేజీ రాసింది. ఈ ఉద్యోగంలో చేరాక అంత రాసింది అదే మొదలు. వీధి మలుపులో ట్రూడీ ఆకుపచ్చ కారు ఎదురొచ్చింది. నియమం ప్రకారం ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు.

ఇంటికెళ్ళి తండ్రికి చెబుతుంటే మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఎజెల్ అంతా విన్నాడు. ముక్కు దగ్గర గొట్టం సర్దుకుని ఒక్కటే అడిగాడు.

"తాళంచెవి నీ చేతికిచ్చిందా?"

"తాళంచెవా?"

"తలుపు ఎవరు తీశారు? నువ్వా, ఆవిడా?"

"ఆవిడే. అయితే?"

"ఏం లేదులే" అన్నాడు. కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "మీ అమ్మా నేనూ ఇంటికోసం తిరిగేటప్పుడు ఎంత మర్యాద చేసేవాళ్ళనుకున్నావ్! నిమ్మరసం ఇచ్చేవాళ్ళు, చర్చి కబుర్లు చెప్పేవాళ్ళు. నవ్వులు చూసి నేను పొంగిపోయేవాణ్ణి. మీ అమ్మ గడుసుది. ఇచ్చే ఉద్దేశం ఉన్నవాడు తాళంచెవి చేతిలో పెట్టి నువ్వే వెళ్ళి చూసుకో అంటాడనేది. లేనివాడు తనే తీసి, వెంట తిరిగి, తనే వేసుకుంటాడట."

డెల్ఫీన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. "నీకు ఎవరన్నా మంచిగా ఉంటే పడదు నాన్నా! అరవై ఏళ్ళనాటి పగలు ఆ ముసలావిడ మీద రుద్దుతావేంటి? నాకు కేకు పెట్టింది. చెయ్యి పట్టుకుంది. పదమూడు ఇళ్ళలో ఒక్కళ్ళు కూర్చోమన్నారా నన్ను?"

"సరే సరే, అరవకే. నీ అరుపులకి మిషను ఆగిపోయేట్టుంది" అన్నాడు ఎజెల్. మళ్ళీ తనే, "ఆ వాలుదారి ఎంత పొడుగుంటుంది?" అన్నాడు.

చెప్పింది. చెట్టుకింద కుర్చీ పడుతుందా అన్నాడు. పడుతుందంది. ఆపిల్ ఎప్పుడు పూస్తుందన్నాడు. మర్నాడు పొద్దున లేచి, గడ్డం గియ్యమని డెల్ఫీన్‌ని పిలిచాడు. ఆ చలికాలమంతా తనంతట తను అడిగింది లేదు. నురగ రాస్తుంటే చిన్నపిల్లాడిలా మొహం పైకెత్తి కూర్చున్నాడు.

బుధవారం డెల్ఫీన్ ప్రొఫెసర్ హోల్మ్ దగ్గరికెళ్ళింది. విషయం అంతా దాచకుండా చెప్పి, నూట పద్దెనిమిదో ఇంటిని అధ్యయనంలోంచి తీసెయ్యమంది. "నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యండి. నేను అసలు పేరుతో వెళ్ళి అడుక్కుంటాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. అది ఆయనకి ఎటూ పాలుపోనప్పటి పని. రెండు కాగితాలూ, ఆమెదీ ట్రూడీదీ, ఆయన సొరుగులోనే ఉన్నాయి.

"వేరే ఇల్లు చూసుకోండి డెల్ఫీన్."

"ఎందుకండీ?"

"చెప్పకూడదు."

"మీ లెక్క చెడుతుందనేగా? రెండొందల ఇళ్ళు మీకు. నాకు ఒక్క ఇల్లు కావాలి."

"ఆ ఇంటి మీద ఆశ పెట్టుకోకండి. అంతకన్నా నేను చెప్పకూడదు. అన్ని ఇళ్ళూ అయ్యేదాకా ఎవరికీ ఏదీ చెప్పనని రాసిచ్చాను."

"మీరు మనిషేనా?" అని తలుపు వేసుకుని వచ్చేసింది. హోల్మ్ దుర్మార్గుడేం కాదు, నియమాల మనిషి. నాకైతే అలాంటి వాళ్ళ మీదే ఎక్కువ మండుతుంది. దుర్మార్గుడినైతే కనీసం తిట్టి ఊరుకోవచ్చు.

గురువారం పది గంటలకల్లా డెల్ఫీన్ మళ్ళీ ఆ గుమ్మం ముందుంది. చర్చికి వేసుకెళ్ళే నీలం కోటు తొడుక్కుని వెళ్ళింది. గంట కొట్టగానే తలుపు తెరుచుకుంది. మిసెస్ విటెక్ నిండుగా నవ్వుతూ తీసింది. ఎవరొచ్చారో చూశాక ఆ నవ్వు కొంచెం సన్నబడింది. ఆ సన్నబడటం డెల్ఫీన్ చూసింది, లెక్కలోకి తీసుకోలేదు. ఆమె కళ్ళు లోపల బల్లమీదికి పోయాయి. ఒక ఒప్పందం కాగితం, పెన్ను, ఎర్ర రిబ్బను కట్టిన తాళంచెవి అక్కడున్నాయి. తనకోసమే తీసి పెట్టింది!

అప్పుడు సంతకం పెట్టేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. కానీ సంతకం నోరా టేట్‌ది కావాలి, నోరా టేట్ అనే మనిషి లేదు. అందుకని డెల్ఫీన్ కుర్చీ అంచున కూర్చుని నిజం చెప్పేసింది. అసలు పేరు, ఉద్యోగం, అధ్యయనం, కోర్టు, తండ్రి, మెట్లు, హోమ్. "మీరు నన్ను మనిషిలా చూశారండీ. అబద్ధంతో మీ ఇంట్లోకి రాకూడదనిపించింది. ఆ ముందు చూసినాయన సంగతి తేలకపోతే..."

"ఆయన రాలేదు" అంది మిసెస్ విటెక్, మొహం పాలిపోయి. "నీకే ఇద్దామనుకున్నా. నీకే!" బల్లమీది కాగితం వెనక్కి లాక్కుంది. "నా ఇంట్లో కూర్చుని, నా చేతి కేకు తిని, నన్ను పరీక్ష చేశావా? నేను అలాంటిదాన్నేమోనని చూడ్డానికొచ్చావా?"

"మిమ్మల్ననే కాదండీ, అందర్నీ..."

"నా మొగుడి గురించి చెప్పి ఏడ్చానే నీ దగ్గర! అది కూడా రాసుకున్నావా?"

రాసుకుంది. డెల్ఫీన్ తల దించుకుంది.

"మా నాన్నకి ఊపిరాడదమ్మా. ముప్పయ్యో తారీఖు దాటితే తీసుకుపోతారు. నన్నేమైనా అనండి, పడతాను. నన్ను చూసి కాదు, ఆయన్ని చూసి ఇవ్వండి. ఓ ఆర్నెల్లు. ఓ మూడ్నెల్లు. పొమ్మన్నప్పుడు పోతాం. కాళ్ళు పట్టుకుంటాను."

నిజంగానే వంగింది. ఆ ముసలావిడ రెండడుగులు వెనక్కి వేసింది.

"నేను నోరాకి ఇద్దామనుకున్నాను. నువ్వెవరో నాకు తెలీదు" అంది. డెల్ఫీన్ గుమ్మం దాటాక తలుపు విసురుగా కూడా వెయ్యలేదు, మెల్లగా వేసింది. బయట నిలబడిన ఆమెకి లోపల గొళ్ళెం పడటం వినిపించింది.

ఆ సాయంత్రం తండ్రి మంచం పక్కన కూర్చుని డెల్ఫీన్ వెక్కి వెక్కి ఏడ్చింది. "ఇచ్చేదే నాన్నా. తాళంచెవి బల్లమీద పెట్టుకుని కూర్చుంది. నా అబద్ధం వల్లే పోయింది. నేనే చెడగొట్టాను."

ఎజెల్ ఆమె తల నిమిరాడు. తాళంచెవి ఊసెత్తలేదు. "నువ్వేం చెడగొట్టలేదే పిచ్చిదానా" అన్నాడు. ఆ కాస్త మాటకే ఆయాసం వచ్చింది.

మిగిలిన రోజుల్లో ఇంకో ఆరు ఇళ్ళు చూసింది. ముప్పయ్యో తారీఖు శుక్రవారం పొద్దున్నే ఇద్దరు మగాళ్ళు కుర్చీ పట్టుకుని వచ్చారు. ఎజెల్ టోపీ పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మెట్లమీద తిప్పుతూ దించుతుంటే కళ్ళు మూసుకున్నాడు. కిందికొచ్చాక ఎండ మొహాన పడింది. "ఒక్క నిమిషం ఆగండయ్యా" అన్నాడు. వాళ్ళకి ఇంకా మూడిళ్ళు ఉన్నాయట, ఆగలేదు.

తర్వాతి మంగళవారం ప్రొఫెసర్ హోల్మ్ కబురు పెట్టాడు. మిసెస్ విటెక్ యూనివర్సిటీకి ఫోన్ చేసి నానా మాటలూ అందట. నూట పద్దెనిమిదో ఇంటిని అధ్యయనంలోంచి కొట్టేశారు. డెల్ఫీన్ ఉద్యోగం పోయింది. అది ఆమె అనుకున్నదే. కోటు తీసుకుని లేవబోతుంటే ఆయన సొరుగు తెరిచి ఒక కాగితం ముందుకి తోశాడు.

"ఇది ఇప్పుడు అధ్యయనంలో లేదు. చూపించకూడదన్న నియమం దీనికి లేదు. ఇక్కడే చదివి ఇచ్చెయ్యండి. బయటికి తీసుకెళ్ళి ఫిర్యాదు చెయ్యడానికి మాత్రం వీల్లేదు, ఇంటివాళ్ళ పేర్లు బయటపెట్టమని మాటిచ్చి మొదలుపెట్టాం."

ట్రూడీ రాసింది. గుండ్రటి అక్షరాలు, పది వరసలు లేవు.

"మధ్యాహ్నం పన్నెండుంపావుకి వెళ్ళాను. కాఫీ వగైరా ఏమీ ఇవ్వలేదు. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి, మీరే వెళ్ళి చూసుకోండి అని తాళంచెవి నా చేతికిచ్చింది. ఇరవై నిమిషాలు ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. నాకంటే ముందు ఎవరైనా అడిగారా అంటే, ఇంతవరకూ ఎవరూ రాలేదంది. ఈ రోజే సామాను దించుకోవచ్చంది. తాళంచెవి తిరిగి ఇవ్వబోతే ఉంచుకోమంది. ఉంచుకోకూడదు కనుక బల్లమీద పెట్టాను. దానికి ఎర్ర రిబ్బను ఉంది. గురువారం వస్తానని చెప్పాను. మీకోసం ఎదురుచూస్తూ ఉంటానంది."

డెల్ఫీన్ రెండుసార్లు చదివింది. పెన్ను, ఒప్పందం, నిండుగా నవ్వుతూ తెరుచుకున్న తలుపు, అన్నీ ఆ లేని తెల్లావిడ కోసం. ఆ ఇల్లు ఇంకా ఖాళీగానే ఉందని హోల్మ్ అన్నాడు. తాళంచెవి బల్లమీద పెట్టి వెళ్ళినావిడ ఇంకా ఎందుకు రాలేదని మిసెస్ విటెక్ ఫోన్‌లో అడిగింది కూడానట.

"బుధవారమే ఈ ముక్క చెప్పుంటే," అంది డెల్ఫీన్, "నేను ఆవిడ కాళ్ళ మీదికి వంగేదాన్ని కాదు. ఆ పూట ఇంకో ఇల్లు చూసేదాన్ని."

ఆయన కళ్ళజోడు తీశాడు. ఆమె అది తుడవడం పూర్తయ్యేదాకా ఉండలేదు.

హోమ్‌లో ఎజెల్ మంచం కిటికీ పక్కనే ఉంది. కిటికీ తెరుచుకోదు. నాలుగు రోజులకే బుగ్గలు లోపలికి పోయాయి. డెల్ఫీన్ కుర్చీ లాక్కుని కూర్చుని దుప్పటి సర్దింది, సర్దిందే మళ్ళీ సర్దింది.

"ఏంటే?" అన్నాడు.

"నువ్వు అడిగావుగా నాన్నా ఆ రోజు. తాళంచెవి చేతికిచ్చిందా అని. ట్రూడీకి ఇచ్చింది. ముందు వచ్చినాయనా లేడు, ఎవరూ లేరు. నాకు కేకు పెట్టింది, దానికి ఇల్లిచ్చింది." మంచం మీదికి వంగింది. "నీకు తెలుసు కదా? సోమవారమే తెలుసు నీకు."

ఎజెల్ జవాబు చెప్పడానికి చాలాసేపు ఊపిరి పోగుచేసుకోవాల్సి వచ్చింది.

"తెలుసు" అన్నాడు. "అయినా గడ్డం గీయించుకున్నా. నా మాట తప్పయితే బాగుండునే అని."

డెల్ఫీన్ అతని చెంపమీద చెయ్యి వేసింది. గడ్డం మళ్ళీ పెరిగి చేతికి గరుకుగా తగిలింది. వెళ్ళి నర్సుని బ్లేడు అడిగింది. రోగుల దగ్గర బ్లేడు ఉంచకూడదు, అది ఇక్కడి నియమం అందామె.